కొంగ తెచ్చిన హంస

ఒక పెద్ద అడవిలో, దేవుడిచ్చిన కొమ్ములూ కోరలూ చాలవన్నట్టు, అందరి దగ్గరా ఫోన్లు కూడా ఉండేవి.

ఫోనుతో పాటే ఒక మెయిల్ డబ్బా వచ్చేది. దానికి పెద్ద తెలివేమీ లేదు. ఉత్తరం వస్తే చూపించేది, రాకపోతే ఊరుకునేది. అందుకే దాన్ని మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు.

అడవి అంతటికీ వేసవిలో ఎండని మడుగు ఒక్కటే. ఎండలు ముదరగానే సింహప్రభువుల కొలువు నుంచి అందరికీ ఒక మెయిల్ వెళ్ళేది. 'మడుగులో వంతు కావలసినవారు పౌర్ణమిలోగా బదులు రాయవలెను.' రాసినవాళ్ళ మంద ఆ వేసవంతా నీళ్ళు తాగేది. రాయనివాళ్ళు వానదేవుడికి రాసుకోవలసిందే.

కొలువులో కార్యదర్శి కొంగ. మహా నిష్ఠాపరుడు. తెల్లవారేసరికి మడుగులో ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టేవాడు. చేప దగ్గరకొచ్చినప్పుడు మాత్రం కళ్ళు తెరిచేవాడు. నడిచివచ్చిన ప్రసాదాన్ని కాదనే హక్కు భక్తుడికి లేదు కదా.

ఆయనకున్న బాధ ఒక్కటే. దున్నలూ పందులూ దుప్పులూ దిగి మడుగంతా బురద చేసేవి. ప్రసాదం కనబడేది కాదు.

"ఈ ఒక్క వేసవి ఈ మూక రాకుండా ఉంటే నా తపస్సు పండుతుందిరా," అన్నాడు కోతితో.

కోతి ఫోన్లు బాగుచేసే కొట్టు నడిపేవాడు. బాగున్నవి కూడా బాగుచేసేవాడు. "రానివ్వకపోతే పాపం కదండీ," అన్నాడు.

"మనం రావద్దంటే పాపం. వాళ్ళంతట వాళ్ళే రాకపోతే అది వాళ్ళ ప్రారబ్ధం."

అలా పుట్టింది 'హంస' యాప్.

హంస పాలనూ నీళ్ళనూ వేరు చేస్తుందంటారు. ఈ యాప్ పనీ అదే. ముఖ్యమైన మెయిళ్ళు 'పాలు' అనే డబ్బాలో పడతాయి, పనికిరానివి 'నీళ్ళు' అనే డబ్బాలో. నీళ్ళలో పడ్డది చప్పుడు చెయ్యదు. ఎవరి మెయిళ్ళు మీరు తెరవకుండా వదిలేస్తారో కనిపెట్టి, ఆ తర్వాత వాళ్ళు ఏం పంపినా నీళ్ళలోకి తోసేస్తుంది. కొలువు ముద్ర ఉన్నవైతే మొదటి రోజు నుంచే నీళ్ళలోకి పోయేట్టు కోతి లోపల ఒక మెలిక పెట్టాడు.

ముందుగా సింహప్రభువుల ఫోనులోనే ఎక్కించారు. పేరు రావాలంటే అదే దారి. తర్వాత కోతి కొట్టు ముందు గుంపు చేరింది.

"ఆ చిలక యాప్ ఎట్లా ఉంటుందిరా?" అని అడిగింది అడవిపంది.

"మెయిళ్ళు పైకి చదివి వినిపిస్తుంది బాబాయ్."

"వద్దులే. మా ఆవిడ పక్కనే ఉంటుంది. మరి ఆ ఊసరవెల్లి?"

"పూటకో రంగు మారుతుంది."

"మెయిళ్ళొస్తాయా?"

"అవీ వస్తాయి, వాటి వీలు చూసుకుని. ఇదిగో, హంస పెట్టుకో. ప్రభువులవారు వాడేది ఇదే."

ఆ ఒక్క మాటతో తోపులాట మొదలైంది. కుందేలు ఒక్కతే తెరను ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. "ఒరే, ఇది నా మెయిళ్ళన్నీ చదువుతానంటోంది. నా పిల్లల పేర్లు అడుగుతోంది. నా కన్నానికి దారి కూడా అడుగుతోంది. ఉత్తరాలు సర్దే యాప్‌కి నా కన్నంతో ఏం పనిరా?"

"మర్యాదకి అడుగుతుందమ్మా. ఇంటికొచ్చినవాళ్ళు బాగున్నారా అనరూ? నువ్వు 'సరే' నొక్కెయ్యి."

నొక్కింది. మర్యాద అంటే ఎవరు మాత్రం కాదంటారు?

చివర్లో దుప్పుల పెద్ద చుక్కమ్మ వచ్చింది. కోతి ఆమె ఫోను తీసుకుని నొక్కి చూసి మొహం చిట్లించాడు. "అత్తా, మెమరీ నిండిపోయింది. హంస పట్టదు. ఫొటోలు కొన్ని డిలీట్ చేద్దాం."

"ఏది చేస్తావు నాయనా? ఇది మా చిన్నది మొదటిసారి లేచి నిలబడ్డది. ఇది పడిపోయింది. ఇది మళ్ళీ లేచింది."

"ఇందులో తోక తప్ప ఏమీ లేదు కదా?"

"తోకకే తీశానయ్యా. వాళ్ళ తాత తోక అచ్చం ఇట్లాగే ఉండేది."

"పోనీ ఈ మసకది తీసేద్దామా?"

"అయ్యో! అది మా అమ్మ. ప్రభువులవారు భోంచెయ్యక ముందు తీసిన ఫొటో అదొక్కటే మిగిలింది."

కోతి ఫోను చేతిలో పెట్టేశాడు. "నీ పాత డబ్బాతోనే బతుకు అత్తా."

"అట్లాగేలే," అని చుక్కమ్మ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఒక్క దుప్పుల మంద తాగితే ఎంత బురదవుతుందిలెమ్మని కొంగ కూడా పట్టించుకోలేదు.

ఎండలు ముదిరాయి. వంతుల మెయిల్ వెళ్ళింది. అడవిలో ప్రతి ఫోనులోనూ చడీచప్పుడు లేకుండా నీళ్ళలో మునిగింది. చుక్కమ్మ పాత డబ్బా మాత్రం ఎప్పటిలా తెలివితక్కువగా 'టింగ్' మంది.

చుక్కమ్మ బదులు రాసింది. 'అందింది ప్రభూ. మా మందకు వంతు కావాలి. తమ పంటినొప్పి తగ్గిందా? ఉప్పునీళ్ళు పుక్కిలించండి. తగ్గినా తగ్గకపోయినా తప్పక తెలియజేయండి.' సింహం పళ్ళు ఎట్లా ఉన్నాయో దుప్పి కనుక్కోకపోతే ఇంకెవరు కనుక్కుంటారు?

కొంగ కూడా తన వంతుకు బదులు రాశాడు. రూలు రూలే కదా. అది 'అఖండ మహీమండల' అని మొదలై, ప్రభువుల బిరుదుల మీదుగా నడిచి నడిచి, ఎక్కడో అడుగున నీళ్ళ సంగతికి వచ్చింది.

పౌర్ణమి దాటింది. మర్నాడు పొద్దున్నే కొంగ మడుగుకొచ్చి ఒక కాలు పైకెత్తాడు.

"రెండోది కూడా ఎత్తి బయటికి రండి," అన్నాడు కాపలా ఎలుగుబంటి.

"ఏమిట్రా వాగుతున్నావు? నేను కార్యదర్శిని!"

"తమకు వంతు లేదండి. ఈ వేసవికి చుక్కమ్మ మందకొక్కదానికే అని హుకుం."

కొంగ గుహకు పరుగెత్తాడు. "ప్రభూ! నేను గడువులోపలే బదులు పంపాను!"

సింహం ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏదీ? కనబడదే? ఏమయ్యా కొంగా, నువ్వు పెట్టించిన ఈ యాప్ ఉందే, దీనంత మంచిది లేదు. ఎక్కించిన దగ్గర్నుంచీ నీ ఉత్తరం ఒక్కటి కంటబడితే ఒట్టు."

"మరి ఆ దుప్పిది ఎట్లా కనబడింది ప్రభూ?"

"ఆవిడ నా పన్ను గురించి అడుగుతుంది. ఆవిడవి ఎప్పుడూ తెరుస్తాను. గడువు దాటింది కాబట్టి ఇక నేనూ చెయ్యగలిగింది లేదు. ఆ రూలు రాసింది నువ్వే."

నాలుకలు ఎండాక గాని మిగతావాళ్ళకు నీళ్ళ డబ్బా తెరిచి చూడాలని తోచలేదు. చూశాక కోతి కొట్టు పీకి పందిరేశారు. దాహం మాత్రం తీరలేదు. అందరూ చుక్కమ్మ దగ్గరకొచ్చి తలలు దించుకు నిలబడ్డారు.

చుక్కమ్మ ఎవరినీ ఒక్క మాటనలేదు. కాసేపు దైవాన్ని తలుచుకుంది. "మందకు వంతన్నారు. మందలో ఎవరుండాలో చెప్పలేదుగా. చుట్టాలన్నాక అంతా ఒక మందే. పదండి," అంది.

మడుగు దగ్గర ఎలుగుబంటి ఒక్కొక్కరినే ఆపాడు. "నువ్వేమవుతావు?"

"మేనమామని," అంది పంది.

"మరిదిని," అంది దున్న.

"అల్లుణ్ణి," అన్నాడు కోతి.

"వీడికి పిల్లనెవరిచ్చారో!" అంది చుక్కమ్మ. "సరే, పోనీ. దాహమేసిన అల్లుడు."

అందరి వెనకా కొంగ వచ్చి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

ఎలుగుబంటి కిందికీ పైకీ చూశాడు. "ఇది దుప్పుల మంద. దుప్పికి నాలుగు కాళ్ళుండాలి. నీకు ఒకటే కనబడుతోందే?"

"మిగతా మూడూ మడిచి పెట్టుకున్నాను," అన్నాడు కొంగ.

ఎలుగుబంటి చుక్కమ్మ వైపు తిరిగాడు.

"మా చిన్నాన్న కొడుకేలే," అంది చుక్కమ్మ. "పుట్టుకతోనే కాస్త సన్నం. రానియ్యి."

కొంగ దిగాడు. కళ్ళు మూసుకున్నాడు. నిగనిగలాడే చేప ఒకటి వచ్చి ఆయన కాలికి రాసుకుంది. ఒక కన్ను మెల్లగా తెరుచుకుంది.

"తమ్ముడూ," అంది చుక్కమ్మ, నెమ్మదిగా.

"ఏమక్కా?"

"మన మందలో చేపలు తినరు నాయనా. గట్టు మీద గడ్డి ఉంది, తిను."

ఎలుగుబంటి గొంతు సవరించుకున్నాడు. కొంగ గట్టెక్కి, ఒక గడ్డిపరక ముక్కున కరుచుకుని నమలడం మొదలుపెట్టాడు. వెనక అడవంతా మడుగులో దిగి హాయిగా బురద చేస్తోంది.

చుక్కమ్మ ఫోను తీసింది. చోటు లేదంది అది. చాలాసేపు ఆలోచించి, దణ్ణం పెట్టుకుని, ఆ తోక ఫొటో తీసేసింది. ఆ చోటులో గడ్డి తినే కొంగను దాచుకుంది.

నీతి: కొత్త యాప్‌కి తన ఫోనులో చోటు లేదనేవారిని చూసి నవ్వకండి, ఎండలు ముదిరాక వారికి చుట్టమని చెప్పుకోవలసి రావచ్చు.