డానియల్ గీసిన రోడ్డు

నార్కట్‌పల్లిలో డానియల్ ఆర్టీసీ బస్సు నడిపినన్నాళ్లూ ఊరంతా ఆయన్ని ‘బ్రేకుల డానియల్’ అనేది. రిటైరయ్యాక ఆ బ్రేకులు కాస్తా ఊడిపోయాయి. ఇంటి వెనక పెరడును నాలుగు ప్లాట్లు చేసి అమ్మేసి, సొంతంగా ఒక కారు కొనుక్కోవాలని మనసు పుట్టింది.

భార్య కోమల కల్వకుర్తిలో చెల్లెలింటికి వెళ్లిన రోజే ముహూర్తం పెట్టుకున్నాడు. ఆమె ఇంట్లో ఉంటే ఆ ముచ్చట గొంతు దాటి బయటికి రాదు.

బ్రోకర్ విజేందర్ టేపు పట్టుకుని పొద్దున్నే దిగాడు. ఊళ్లో అతని పేరు గజాల విజేందర్. పెళ్లిచూపులకు వెళ్లి, పిల్లను చూడకుండా హాలు ఎన్ని గజాలని అడిగిన మనిషి.

“అన్నా, రోడ్డు లేకుంటే పర్మిషన్ రాదు. ముందుగాల నడిమిట్ల రోడ్డు తియ్యి.”

“ఎంత తియ్యాలె?”

“ముప్పై అడుగులు.”

“గట్లయితే ప్లాట్లు ఏడుంటయిరా?”

“రోడ్డుకు రెండు దిక్కుల ఉంటయన్నా. జర సన్నగ ఉంటయి.”

ఇద్దరూ కలిసి వెనక వీధి వైపున్న ముళ్లకంప పీకేశారు. ముందు గేటు నుంచి వెనక వీధి దాకా ముగ్గుపిండితో రెండు తెల్లటి గీతలు పోశారు. డానియల్ దూరంగా నిలబడి చూసుకుని, తనే హైవే వేసినంతగా మురిసిపోయాడు.

కాసేపటికే వెనక వీధి నర్సింగమ్మ నెత్తిన గంపతో ఆ గీతల మధ్య నడుచుకుంటూ వచ్చింది.

“ఓ నర్సింగమ్మా, ఏడికి?”

“బస్టాండుకు. రోడ్డు పడ్డది గద! ఇన్నేండ్లకు సుట్టు తిరుగుడు తప్పింది. నీ కడుపు సల్లగుండ!”

ఆమె వెనకే బడి పిల్లలు, పాల సైకిలు, మేకల మంద. మేకలకు లేఅవుట్ తెలియదు కాబట్టి నాలుగు ప్లాట్లూ తిరిగి చూశాయి. పొద్దూకేసరికి, విజేందర్ ఇంకా టేపు పట్టి కొలుస్తుండగానే, ఒక ట్రాక్టర్ వచ్చి హారన్ కొట్టింది.

“పెద్దాయనా, గీ సీతాఫలం చెట్టు అడ్డమొస్తాంది. కొట్టేద్దునా?” అంటూ డ్రైవర్ గొడ్డలి దించాడు.

 అది డానియల్ బాపు నాటిన చెట్టు. బాపు ఇస్రాయేలు బతుకంతా పరాయి చేలల్లో కూలి చేశాడు. ఏ గట్టు మీద కూర్చున్నా ఎవరో ఒకరు లెమ్మనేవారు. ఇంటి జాగా పట్టా వచ్చిన రోజు ఇక్కడికొచ్చి, నాలుగు మూలల్లోనూ కాసేపు కాసేపు కూర్చున్నాడు. “ఎవడన్న లెమ్మంటడేమో సూస్తున్న బిడ్డా,” అన్నాడు నవ్వుతూ. ఎవరూ లెమ్మనలేదు. ఆ సాయంత్రమే ఈ చెట్టు పెట్టాడు.

డానియల్ వెళ్లి ట్రాక్టర్‌కు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు.

“చెట్టు ముట్టుకుంటే మంచిగుండదు! గిది రోడ్డు గాదు, ప్లాట్లు గాదు! మా బాపు జాగా! అమ్మేది లేదు, పోండ్రి!”

అప్పుడే ట్రాక్టర్ వెనక ఆటో ఆగింది. కోమల సంచీతో దిగింది.

“ఇన్నవా విజేందర్? ఇగ టేపు సుట్టుకో.”

విజేందర్ చుట్టుకున్నాడు.

“నువ్వు రేపు గద వచ్చేది?” అన్నాడు డానియల్ నీళ్లు నములుతూ.

“నువ్వు కంప పీకంగనె నర్సింగమ్మ ఫోన్ చేసింది.”

“అంటే గీ మందినంత నువ్వే తోలినవా?”

“నేనేం జేసిన? రోడ్డు నువ్వు గీసినవ్. నడవమని నలుగురికి జెప్పిన, గంతే.”

“మరి ట్రాక్టరు?”

“కిరాయికి మాట్లాడిన. గొడ్డలి గుడ తెమ్మన్న.”

డానియల్ లోపలికి నడిచాడు. చీపురు తెచ్చి, తను పోసిన గీతలు తనే ఊడవసాగాడు.

“ఆగు, ఒక గీత ఉండనియ్యి,” అంది కోమల. “దాని ఎంబడి నడిసేటందుకు సన్నటి బాట ఇడుస్తమని నర్సింగమ్మకు మాటిచ్చిన.”

డానియల్ ఆమెను ఒకసారి చూసి, చీపురు పక్కన పెట్టాడు. మిగిలిన ముగ్గుపిండి తెచ్చి ఆ గీత మీద ఇంకాస్త పోశాడు.