కారు కాదని రుజువైన కారు

పక్కింటి మిసెస్ టఫ్నెల్ రొట్టెల కొట్టులో చెప్పిందట: మోర్టిమర్ థ్రప్ తన కోళ్ల షెడ్డులో ఏడేళ్లుగా పొదుగుతున్న గుడ్డు ఎట్టకేలకు పగిలిందట. లోపలినుంచి రెండు సీట్ల కారొకటి బయటపడిందట. ఖాళీచేసి పోయిన కోళ్లకు ఉన్నపాటి కప్పు కూడా దానికి లేదట.

వార్తలో అబద్ధమేమీ లేదు. బరువు తగ్గితే వేగం పెరుగుతుందన్నది థ్రప్ సిద్ధాంతం. ఆ సిద్ధాంతం కొద్దీ ముందు తలుపులు పోయాయి, తర్వాత కప్పు పోయింది. పెట్రోలు చూపించే ముల్లు కూడా బరువేనని దాని బదులు ఒక బెత్తం ఇచ్చాడు. ట్యాంకులో ముంచి చూసుకోవచ్చు.

"గురువుగారూ, కిందనుంచి నూనె కారుతోంది," అన్నాడు మెకానిక్ విల్ఫ్.

"కారు అన్నాక కారదట్రా? కారేకొద్దీ తేలికవుతుంది, కారనీ."

అది 1961. అప్పటి ఇంగ్లండు చట్టం బహు ముచ్చటైనది. తయారైన కారు కొంటే పన్ను. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే పన్ను లేదు. కాని ఎలా బిగించాలో రాసిస్తే మాత్రం అది కారు కిందే లెక్క. అందుకని థ్రప్ 'విప్పు విధానము' అనే పుస్తకం అచ్చువేయించాడు. కొన్నవాళ్లు దాన్ని చివరినుంచి మొదటికి చదువుకోవాలి. జాతి మేధస్సు వికసించేది ఇలాంటి చోట్లనే.

ఒక మంగళవారం పన్నుల అధికారి మిస్టర్ పింకాట్ తనిఖీకి దిగాడు. షెడ్డులో ఒకటి పూర్తిగా బిగించి ఉంది. అది కారని ఆయన రాస్తే పన్ను పడుతుంది; పన్ను పడితే కొనే నాథుడుండడు; షెడ్డు మళ్లీ కోళ్లపాలు.

"ఇది కారేనా?"

ఏడేళ్లు నిద్రమాని కన్న బిడ్డ. థ్రప్ దాని ముందుభాగాన్ని ఒకసారి నిమిరాడు. "కాదండీ," అన్నాడు.

"రుజువేమిటి?"

"ఒకసారి ఎక్కి చూడండయ్యా, మీకే తెలుస్తుంది," అన్నాడు విల్ఫ్.

ఎక్కడమంటే ఎక్కడం కాదు, ప్యాంటు తొడుక్కున్నట్టు పింకాట్ అందులోకి దూరాడు. బండి రోడ్డెక్కగానే వాన మొదలైంది. చర్చి మలుపు దగ్గర గేరు కర్ర ఊడి చేతికొచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. థ్రప్ భార్య హిల్డా ఇచ్చిన టీ తాగి, ఎడమ బూటులోని నీళ్లు ఒంపేసి, రాసి ముద్ర వేశాడు: "సదరు వస్తువును స్వయముగా పరీక్షించితిని. ఏ విధముగా చూచినను ఇది కారు కాదని ధ్రువీకరించడమైనది."

శనివారానికల్లా పద్దెనిమిదిమంది పెద్దమనుషులు పేర్లు నమోదు చేయించుకోవడానికి షెడ్డులో చేరారు. కారు కాదని ప్రభుత్వమే హామీ ఇచ్చిన కారు దేశంలో ఇంకొకటి లేదు మరి. ధ్రువపత్రాన్ని పటం కట్టించి గోడకు తగిలించి, థ్రప్ పెట్టె ఎక్కాడు.

"మిత్రులారా! ఈ దీనుడి ఏడేళ్ల కృషిని నేటికి ప్రభుత్వం గుర్తించింది!"

చప్పట్లతో షెడ్డు రేకులు అదిరాయి. ఆనందబాష్పాలు తుడుచుకుంటూ థ్రప్ భార్య వైపు తిరిగాడు. "చదివావా హిల్డా? ఏమంటావు?"

హిల్డా టీ కప్పులు పేర్చుకుంటూ పటం వైపు ఒకసారి చూసింది.

"ఇదే మాట నేను మొదటి ఏడే చెప్పాను. ముద్ర లేదని గదా, అప్పుడు ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు."