తాళింపు ఆగిన కందకూర

ఆ ఆదివారం పొద్దున ఢిల్లీలో ఆర్.కె. పురం మీద ఆకాశం కడగని పాలగిన్నెలా ఉంది. సూర్యుడు వచ్చాడో లేదో ఎవరికీ తెలియదు. సదాశివరావు మాత్రం అప్పటికే లుంగీ ఎగగట్టి కత్తిపీట ముందు కూర్చున్నాడు.

సంగతేమిటంటే, అతని భార్య హైమవతికి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. బాపట్ల నుంచి వచ్చి ఉన్న అతని తల్లి ఛాయాదేవి ఒక్కటే అడిగింది.

"అది బడికి పోతే పొద్దున్నే కూరెవరు చేస్తార్రా?"

"నేను చేస్తానమ్మా."

"నువ్వా? సరే, ఆదివారం ఒక్క కూర చేసి చూపించు. నోట్లో పెట్టుకోగలిగితే దాన్ని వెళ్లమంటా."

హైమవతి కొత్త చెప్పుల కోసం సరోజినీ నగర్ వెళ్తూ, "బంగాళాదుంప వేపండి, చాలు" అని అత్తగారు వినేట్టే చెప్పింది. బంగాళాదుంప అతనికి నామోషీ అనిపించింది. సంతకెళ్లి కందగడ్డ తెచ్చాడు.

కంద కోసేముందు చేతులకు నూనె రాసుకుంటారనీ, ముక్కల్ని చింతపండు నీళ్లలో కడుగుతారనీ అతనికి తెలియదు. అతనికి తెలిసింది తినడమే. గడ్డంతా కోసేసరికి చేతులు మండాయి. ఆ చేతుల్తోనే మెడ గోకాడు, మెడ అయ్యాక బుగ్గలు. పది నిమిషాల్లో మొహమంతా ఎర్రటి దద్దుర్లు.

పై అంతస్తు లక్ష్మీపతి పేపరు కోసం వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మొహమేంటండీ అలా ఉంది? మా బావమరిది కొడుక్కీ ఇలాగే మొదలైంది. ఆటలమ్మ."

పేపరు అడక్కుండానే మెట్లెక్కేశాడు.

ఆ మాట విని ఛాయాదేవి పూజలోంచి లేచి వచ్చింది. "ఏరా, ఒళ్లు వెచ్చగా ఉందా?"

కంద దురదని ఒప్పుకుంటే వంట రాదని తేలిపోతుంది, హైమ ఉద్యోగం పోతుంది. జబ్బైతే కాస్త జాలైనా దొరుకుతుంది.

"వెచ్చగానే ఉందమ్మా."

అక్కడే బోల్తాపడ్డాడు. ఆటలమ్మ పోసిన ఇంట్లో తాళింపు పెట్టరు. ఆవిడ పొయ్యిమీది మూకుడు దించేసింది. కొడుకుని చాపమీద పడుకోబెట్టింది. కింద పార్కులోంచి వేపమండలు తెచ్చి గుమ్మానికి కట్టింది. పాలవాడు అవి చూసి, "మాతా ఆయీ హై క్యా?" అని, అమ్మవారు పోసిందా అన్నట్టు అడిగి, పాలు మెట్టుమీదే పెట్టి పోయాడు.

హైమవతి చెప్పుల సంచితో గుమ్మంలో నిలబడిపోయింది. "ఎవరికత్తయ్యా?"

"నీ మొగుడికే. పదిహేను రోజులు లేవడు. ఇంక ఉద్యోగం ఊసెత్తకు."

హైమవతి సంచి కింద పెట్టేసింది. చాపమీద సదాశివరావుకి దురద ఒకపక్క, సిగ్గు ఒకపక్క. చెప్పేద్దామని లేచి కూర్చునేలోపు ఛాయాదేవి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"కోసినవి పారేయడమెందుకు? ఉప్పేసి ఉడకేస్తా."

కళ్లజోడు పూజ దగ్గరే మరిచిపోయింది. కోడలు చెప్పిన బంగాళాదుంపే అనుకుని ముక్కలున్న గిన్నెలో మోచేతుల దాకా పెట్టి కడిగింది.

తరవాత ఆవిడ ముంజేయి గోక్కుంటూ బయటికొచ్చింది. తన చేతులు చూసుకుంది. కొడుకు మొహం చూసింది.

"కందా?"

"అవునమ్మా."

ఆవిడ వెళ్లి గుమ్మానికున్న వేపమండలు విప్పేసింది. కాసేపటికి వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి.

"హైమా," లోపల్నుంచే పిలిచింది. "రేపు బడికి వెళ్లేముందు వీడికి చింతపండు డబ్బా చూపించి వెళ్లు."

మధ్యాహ్నం ముగ్గురూ వరసగా కూర్చుని కందకూర కలుపుకుని తిన్నారు. ఆ పూట మాట్లాడినవి గోళ్లే.