ఆర్గాన్‌కు ఫ్యాను గాలి

ముప్పై రెండేళ్లు ఆర్గాన్ గుణగణాలను బోధించిన నిత్యానందం సారు, ఆ వాయువును మొదటిసారి దర్శించుకున్నది రిటైరైన నాలుగో ఏట, మార్కాపురంలో, పాత శిష్యుడు హరిబాబు వెల్డింగు దుకాణంలో. దర్శనమంటే సిలిండరు దర్శనమే. లోపలున్నదానికి రంగూ వాసనా ఉండవని ఆయనే ఏటా రెండు మార్కులకు అడిగేవారు.

చేతిలో స్టీలు బిందె. చనిపోయిన భార్య రోశమ్మ పేరు దాని మెడ కింద చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది. చివరి అక్షరం పక్కనే సన్నని చీలిక. నీళ్లు పోతే పోయాయి, పేరు చెడకుండా అతకాలన్నదే ఆయన కోరిక.

గురువుగారు వస్తే జరగవలసినవన్నీ సక్రమంగా జరిగాయి. కుర్చీ తుడిచారు, టీ తెప్పించారు, పెద్ద ఫ్యాను తెచ్చి ఆయన వైపు తిప్పారు. పనిబల్ల ఆ గాలికి అడ్డంగానే ఉంది. సారు టీ తాగి ఉపన్యసించారు.

"ఆర్గాన్ జడవాయువు నాయనా. దేనితోనూ కలవదు. నియాన్ బోర్డుల్లో వెలుగుతుంది, హీలియం బుడగల్ని ఎగరేస్తుంది. ఆర్గాన్ మాత్రం ఊరికే నిలబడి, కాగే లోహానికి గాలి తగలకుండా కాపలా కాస్తుంది!"

నిలబడనిస్తే కాస్తుంది. ఫ్యాను గాలికి అది కాస్తా చెదిరిపోయి, అతుకు నల్లబడి జల్లెడయింది. హరిబాబు అరగదీసి మళ్లీ అతికాడు. మళ్లీ జల్లెడ. అరగదీత అక్షరం మీదికి వచ్చింది. ఈ కాలపు స్టీలులో నాణ్యత లేదని సారు తేల్చారు. హరిబాబు ఫ్యాను వైపు చూశాడు, సారు వైపు చూశాడు, అవునన్నాడు.

మొన్న ఇచ్చిన పాలక్యాను తీసుకుపోవడానికి తర్లుపాడు నుంచి వచ్చిన సుబ్బరత్నమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏంది హరిబాబూ, ఫ్యాను ఆపరాదా? నా క్యానుకైతే తలుపు గూడా మూసినావే!"

"ఊరుకో పెద్దమ్మా. సారుకు చెమట పడితే ఎట్ల?"

"అయ్యోరి చెమట తువ్వాలుతో పోతాది. ఆ యమ్మ పేరు పోతే యాడ తెస్తావు?" అంటూ తనే స్విచ్చి ఆపింది.

ఈసారి అతుకు వెండి చారలా మెరిసింది. నీళ్లు పోసి చూస్తే చుక్క కారలేదు. కానీ చివరి అక్షరం అప్పటికే అరిగిపోయి, బిందె మీద 'రోశ' మిగిలింది. సారు దాన్ని వేలితో తడిమారు. ఇంట్లో ఆయన పిలిచింది కూడా అంతే.

హరిబాబు చేతులు జోడించాడు. "క్షమించాల సార్, మీకు గాలి ఆపాల్సి వచ్చినాది."

సారు పెద్దమనసుతో క్షమించారు.