గోల్ వెనక టేబుల్ క్లాత్

కాలనీ క్లబ్బు వాళ్లు ఫోటోల పోటీ పెట్టారు. మన వీధులు, మన ఆటలు, మన చేతిపనులు అని మూడు విభాగాలు. తపాలా గుమస్తా క్లిక్కుగారు మూడింటికీ గురిపెట్టారు.

ఆ పేరు కాలనీ పెట్టిందే. ఆయనకు కెమెరా ఉంది, ఉత్సాహం ఉంది, లేనిదల్లా సమయానికి బటన్ నొక్కడమే. పరుగుపందెం తీస్తే గెలిచినవాడి మడమ పడేది. వీధిని తీస్తే అప్పుడే మలుపు తిరిగిన బస్సు పొగ పడేది.

"ఈసారైనా మనుషులు పడతారా అండీ?" అంది భార్య క్రోషియా అల్లుతూ.

"మూడు బహుమతులూ తెస్తాను, చూస్తూ ఉండు."

"తెద్దురుగాని. నా టేబుల్ క్లాత్ జోలికి మాత్రం రాకండి. కొస ఇంకా ముడి వెయ్యలేదు, లాగితే మొత్తం ఊడిపోతుంది."

ఆ మాట అనకపోతే ఆయనకు తట్టేదే కాదు. వీధి చివర మైదానం, మైదానంలో ఫుట్‌బాల్, గోల్ వల వెనక తొమ్మిది నెలల అల్లిక. ఒకే ఫోటోలో మూడు విభాగాలు! ఆదివారం ఆవిడ అక్కగారింటికి వెళ్లగానే టేబుల్ క్లాత్ సంచీలో కుక్కుకుని ఉడాయించారు.

బంతి వచ్చి వలను తాకింది. వెనక కట్టిన టేబుల్ క్లాత్ ఉబ్బింది. క్లిక్కుగారు జన్మలో మొదటిసారి సమయానికి నొక్కారు. ఆ సంబరంలో, వల సందులోంచి వేలాడుతున్న దారం కొస గోల్‌కీపర్ బూటుకు చుట్టుకోవడం చూసుకోలేదు.

గోల్‌కీపర్ బంతి తీసుకుని మైదానం మధ్యకు పరుగెత్తాడు. సగం దూరం వెళ్లేసరికి టేబుల్ క్లాత్ చేతిరుమాలంత అయింది. "ఆగు నాయనా!" అని క్లిక్కుగారు కేక పెడితే, గోల్ వదిలినందుకు తిడుతున్నారనుకుని అతను ఇంకా వేగం పెంచాడు.

గడ్డిలో చతికిలబడి దారమంతా ఉండ చుట్టారు. కళ్లు పొడుచుకుని అల్లిన మనిషి గుర్తొచ్చి ఏడ్చినంత పనైంది. అయినా నిజం చెప్పే ధైర్యం చాలక, ఉండను ఆవిడ బుట్ట అడుగున పెట్టి ఊరుకున్నారు.

వారం గడిచింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. బుట్ట తెరిచినట్టు లేదనుకుని ఆయన ఫోటో పంపేశారు.

"పోటీ ఫోటోల ప్రదర్శనకు నువ్వెందుకు? అక్కడ కుర్చీలు కూడా ఉండవు."

"నిలబడతాను లెండి."

ఆయన ఫోటోకు ఆటల్లో రెండో బహుమతి వచ్చింది. చేతిపనుల్లో మొదటి బహుమతి ఓ దారపు ఉండ ఫోటోకు. ఉండ నిండా గడ్డిపరకలు, పైన ఓ చీమ. కింద ఇలా రాసి ఉంది: 'తొమ్మిది నెలల నా పనిని మావారు ఒక్క పూటలో ఇలా చేశారు.'

క్లిక్కుగారికి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"బుట్టలోంచి చీమలు బయల్దేరినప్పుడు. మీరే చెబుతారేమోనని వారం చూశాను."

"తప్పయిపోయిందే."

ఆవిడ ఆయన ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "ఇది మాత్రం బాగా తీశారండీ. ప్రతి పువ్వూ కనిపిస్తోంది. దీన్ని చూసే మళ్లీ అల్లుతాను. పక్కన కూర్చుని దారం మీరు పట్టుకోవాలి."

"తప్పకుండా! ఈ ఆదివారం ఒక్కటీ వదిలెయ్, ఫైనల్ మ్యాచ్ ఉంది."

"తొమ్మిది నెలలేగా," అంది ఆవిడ. "ఆ తర్వాత ఆదివారాలన్నీ మీవే."