మెట్టుకొక దాత

రామన్నపేట అవతలి వేణుగోపాలస్వామి గుట్టకు, అంటే ఫోన్‌లో కనిపించే గుట్టకు, మెట్లు దానం చేసిన నూట ఎనిమిది మంది దాతలను గుడి కమిటీ శాలువాలు కప్పి సన్మానించింది. ఆ మెట్లు చేసిన సుహాసిని వెనక వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది.

సుహాసిని కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. తుంటి విరిగి మంచం పట్టిన అవ్వ నాగులమ్మ స్వామిని చూడాలని రోజూ కలవరిస్తుంటే, ఆర్నెల్లు కష్టపడి గుట్టనూ గుడినీ కంప్యూటర్‌లో కట్టింది. వేలితో జరుపుతూ మెట్లెక్కి లోపలికి పోవచ్చు. అవ్వలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కదా అని, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాసి ఇంటర్నెట్‌లో పెట్టింది.

కమిటీ అధ్యక్షుడు గుర్వయ్య ఇంటికి వచ్చి ఫోన్‌లో గుడంతా తిరిగి కలవరపడ్డాడు.

"అంత మంచిగున్నది గని బిడ్డా, మెట్ల మీద పేర్లేవి?"

"ఎవ్వరియ్యలే గద కాకా. అందరికి ఉత్తగనే."

"ఉత్తగనా? ఇంక ఫికరేంది! అందరం దాతలమే."

ఆయన బాధ న్యాయమైనదే. అసలు గుడిలో ఫ్యాను రెక్కకూ, హారతి పళ్లెం అంచుకూ దాత పేరుంది. పేరు లేని మెట్టెక్కితే ఆ పుణ్యం ఎవరికి చేర్చాలో స్వామికి మాత్రం ఎలా తెలుస్తుంది? నల్గొండలో ఫ్లెక్సీలు చేసే పరమేష్‌ను పిలిపించి పేర్లు ఎక్కించారు. దాతలు ఏమిచ్చారని అడిగేవారుంటారు. పేర్లిచ్చారు. ఫొటోలు కూడా ఇచ్చారు. మెట్లు చాలక ధ్వజస్తంభం, ఆపైన గుట్ట రాళ్లు పంచారు. సూర్యుడి కోసం ముగ్గురు పోటీపడితే, వంతులవారీగా ఉదయించాలని తీర్మానించారు. ఇంటర్నెట్‌లో పేర్లున్నదీ లేనిదీ రెండు గుళ్లుంటే భక్తులు తికమకపడతారని పాతది తీయించి, దాని జాగాలో కొత్తది పెట్టించారు. పెద్దమనుషుల మాట సుహాసిని కాదనలేకపోయింది.

సన్మానం ముగిసి ఇంటికొచ్చేసరికి అవ్వ ఫోన్ పట్టుకుని దిగులుగా ఉంది. ఆ పాత ఫోన్ అన్ని పేర్లనూ ఫొటోలనూ మోయలేకపోయింది.

"మూడు దినాలాయె, స్వామి తలుపే తీస్తలేడు."

సుహాసినికి మనసు చివుక్కుమంది. కమిటీ ఏమన్నా అననీ అని, పేర్లన్నీ తుడిచేసి పాత గుడిని మళ్లీ పెట్టింది. తలుపులు వెంటనే తెరుచుకున్నాయి. అవ్వ మెల్లగా మెట్లెక్కి, స్వామిని కళ్లారా చూసి దండం పెట్టుకుంది. తర్వాత ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని మెట్లన్నీ వెతికింది.

"నా పేరేదే?"

"అవ్వా! నువ్వు గూడనా?"

"గా ఆఖరి మెట్టు మీద జర రాయరాదే. నేను పోయినంక గుర్తుంటది."

మంచంలో ఉన్న మనిషిని కాదనలేక రాసింది. సాయంత్రానికి మేనత్త రమ, ఆమె వెనకే పాలు పోసే మల్లన్న వచ్చి అడిగారు. ఒకరిది రాసి ఇంకొకరిది రాయకపోవడం మర్యాద కాదు.

మీరూ అడగవచ్చు, మొహమాటం అక్కర్లేదు. అవ్వ ఫోన్ పాతది కనుక, కాస్త చిన్న అక్షరాలతో సరిపెట్టుకోండి.