తలపాగా ఉన్న ఉత్తర్వు

ప్లవ నామ సంవత్సరం మాఘమాసంలో, నీళ్లకు ఇంకా చలి వదలని రోజుల్లో జరిగింది ఇది. ఒక పెద్ద అడవిలో ఒక మడుగు, ఆ మడుగులో ఒక శీలావతి చేప, ఆ చేప కాలేయంలో ఒక కణం, ఆ కణంలో ఒక ఆఫీసు. కణంలో జంతువులేమిటని అడక్కండి. ఆఫీసన్నాక అన్ని జంతువులూ ఉంటాయి.

ఆ ఆఫీసుకు పెద్ద శంఖయ్య అనే నత్త. గేటు దగ్గర పీత. లోపల పని చేసేవి చీమలు. చేప బతకడానికి కావలసిన సరుకంతా అవే తయారు చేసేవి. ఏం చెయ్యాలో చెప్పే ఉత్తర్వులు తలపాగా చుట్టుకుని వచ్చేవి. తలపాగా ఉంటే పని మొదలెట్టాలి, లేకుంటే చింపెయ్యాలి. ఎవరు పంపారని అడగడం అక్కడ అమర్యాద.

శంఖయ్యకు ఒకటే దిగులు. పక్క కణం పెద్దను అందరూ పొగుడుతారు, తనను ఎవరూ పొగడరు. ఈ ఏడన్నా పని ఎక్కువ చూపించకపోతే కుర్చీ పోతుందని భయం.

ఒకరోజు తుపాకీ గుండు ఆకారంలో ఒక వైరస్ వచ్చి గేటు తట్టింది.

"ఎవరు బాబూ?" అంది పీత.

"నా దగ్గర తాళంచెవి ఉంది."

"ఉంటే సరే, రండి."

లోపలికొచ్చి చొక్కా విప్పింది. చొక్కా కింద ఒక పొడవాటి ఉత్తర్వు, దానికి నకళ్లు తీసే తొండ మేస్త్రీ. తొండ నకలు మీద నకలు తీసింది. కొన్నిటిని పక్కన దాచి, మిగతావాటికి చక్కగా తలపాగాలు చుట్టి చీమల ముందుకు తోసింది.

"అయ్యా, ఇందులో చెయ్యమన్న ఈ ముళ్లు చేపకెందుకండీ? ఈ తొడుగులెవరికి?" అంది ఒక చీమ.

"తలపాగా ఉందా, లేదా?" అన్నాడు శంఖయ్య.

"ఉందండీ."

"మరి నోరు మూసుకుని చెయ్యి!"

చేప సొంత ఉత్తర్వులు గుమ్మంలోనే నిలబడిపోయాయి. శంఖయ్యకు మాత్రం ఆనందంతో కొమ్ములు నిక్కబొడుచుకున్నాయి. "ఏడాది పని ఒక్క పూటలో! ఇప్పుడు చూడమను, ఆ పక్క కణం వాణ్ని!"

"అయ్యా, చేప మేత ముట్టడం లేదట" అని గొణిగింది పీత.

"ఉత్పత్తి పెరిగినప్పుడు చిన్న చిన్న ఇబ్బందులు తప్పవోయ్."

ముళ్లు వెళ్లి గోడలో దిగబడ్డాయి. తొండ దాచిన నకళ్లకు తొడుగులు చుట్టుకున్నాయి. చుట్టలు బిగిసి గుండ్లయ్యాయి. ఎవరూ కూర్చలేదు, అవే కూడుకున్నాయి. చూస్తుండగానే ఆఫీసంతా ఆ మొదటి అతిథిలాంటివాళ్లే!

శంఖయ్య దండ కోసం మెడ సాచాడు. "బాబులూ, నా గురించి పైన ఒక మాట చెప్తారుగా?"

"తప్పకుండా. ముందు మాకు చొక్కాలు కావాలి" అంటూ ముళ్లున్న గోడను తలా ఒక ముక్క చింపి కప్పుకుని బయటికి నడిచాయి.

కాసేపటికి పక్క కణం గేటు తట్టిన చప్పుడు, "తాళంచెవి ఉంది" అన్న మాట వినిపించాయి. తమ చీమలు చేసిన ముళ్లే ఆ తాళంచెవులని పీతకు అప్పుడు తెలిసింది.

నెత్తిమీద మిగిలిన గోడ వంగుతోంది. "తలపాగాలన్నీ సరిగ్గానే ఉన్నాయిగా?" అన్నాడు శంఖయ్య.

"ఉన్నాయండీ."

"అయితే మన తప్పేం లేదు."

గోడ కూలింది.

నీతి: తలపాగా సరిగ్గా ఉంటే తప్పు ఎవరిదీ కాదు.

ఫాల్గుణం వచ్చేసరికి ఆ మడుగులో శీలావతి చేప ఒక్కటీ మిగల్లేదు.